కొండ దక్కింది, మాట జారింది

(సంఘం ఆన్‌లైన్ యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)

  సిగ్నల్ కోసం డాబా ఎక్కి కూర్చున్నవాళ్ళకూ, ఊరి బయట మలుపు దాకా నడిచొచ్చి ఫోన్ పట్టుకుని నిలబడినవాళ్ళకూ జోహార్లు. మీరు నిలబడి ఉన్నారు గనక సూటిగా విషయంలోకి వస్తాను.

"భూమి, భాష" మీద మాట్లాడమన్నారు. 1/70 గురించి, సమత తీర్పు గురించి, అటవీ హక్కుల చట్టం గురించి ఈ సభల్లో మీరు చాలాసార్లు విన్నారు. నాకంటే బాగా చెప్పగలిగిన లాయర్లు మన సంఘంలోనే ఉన్నారు. నేను ముప్పై ఏళ్ళు ఆశ్రమ పాఠశాలల్లో పాఠం చెప్పినవాణ్ణి, నాకు తెలిసింది కథ చెప్పడం. అందుకని ఇవాళ మిమ్మల్ని ఒక దూరపు ఊరికి తీసుకెళ్తాను. ఆ ఊరివాళ్ళు మన పేరు విని ఉండరు, మనం వాళ్ళ పేరు విని ఉండం. కానీ వాళ్ళ కథలో ఒక పెద్దమనిషి వస్తాడు. ఆయన మన కొండల మీద కూడా ఆరేళ్ళు అధికారం చేసినవాడు. ఆయన దగ్గరికి తర్వాత వస్తాను, ముందు ఊరు చూడండి.

బ్రిటన్ మ్యాపులో పైభాగం స్కాట్లాండు. దాని పడమటి అంచున దీవులు చెల్లాచెదురుగా కనిపిస్తాయి. వాటిలో పెద్దదొకటి స్కై. స్కైలో పోర్ట్రీ అనే చిన్న పట్నం ఉంది. అక్కడి నుంచి దక్షిణంగా సముద్రం పక్కనే సన్నని రోడ్డు ఒకటి పోతుంది. ఎదురుగా బండి వస్తే ఎవరో ఒకరు పక్కకు తప్పుకోవాలి. ఆ రోడ్డు ఎక్కడికీ కలవదు, చివరి ఊళ్ళో ఆగిపోతుంది. దాని పొడుగునా ఓలఖ్, గెడింటేలర్, బాల్‌మేనఖ్, పెయిన్‌ఖారన్ అని చిన్న చిన్న పల్లెలు. అన్నిటినీ కలిపి బ్రేజ్ అంటారు. ఎదురుగా సన్నని సముద్రపాయ, దానవతల రాసే అనే ఇంకో దీవి. వెనక బెన్ లీ అనే కొండ. ఎత్తు 445 మీటర్లు. మన మహేంద్రగిరి పక్కన పెడితే గుట్ట. కానీ ఈ కథంతా ఆ గుట్ట గురించే.

చెట్లు తక్కువ, గాలీ వానా ఎక్కువ. ఓట్స్, బంగాళాదుంప పండించేవారు. ఆవులు, గొర్రెలు, పడవలు. పొయ్యిలోకి కట్టెలు లేవు. చిత్తడి నేలలో వేల ఏళ్ళుగా మొక్కలు కుళ్ళి పేరుకున్న నల్లమట్టి ఉంటుంది, పీట్ అంటారు. దాన్ని ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, అదే కాల్చుకునేవారు. సముద్రపు నాచు మోసుకొచ్చి పొలానికి ఎరువుగా వేసేవారు. వాళ్ళు మాట్లాడే భాష గేలిక్. (స్కాట్లాండులో దాన్ని 'గాలిక్' అని పలుకుతారట. మన నోటికి అలవాటైనట్టు గేలిక్ అనే అంటాను.) ఐర్లండు భాషకు అది తోబుట్టువు, ఇంగ్లీషుతో దగ్గరి చుట్టరికం లేదు. తెలుగుకీ సవరకీ ఉన్నంత కాకపోయినా, ఒకరి మాట ఒకరికి బొత్తిగా అర్థంకానంత దూరం.

ఆ రైతులను క్రాఫ్టర్లు అంటారు. చేతిపనుల క్రాఫ్ట్ కాదు సుమా. అక్కడ క్రాఫ్ట్ అంటే చిన్న కమతం. ఇంటి చుట్టూ కొద్దిపాటి సాగు నేల, దానితోపాటు ఊరి వెనకున్న కొండ మీద ఊరందరితో కలిసి పశువులను మేపుకునే హక్కు. ఈ రెండోది లేకపోతే మొదటిదానికి విలువ లేదు. ఇంటి దగ్గర ఉన్న చెక్కతో ఏ కుటుంబమూ బతకలేదు, ఆవు కొండెక్కితేనే పిల్లలకు పాలు. కొండా పొలమూ వేరు కాదని మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ మాట తాసీల్దారు ఆఫీసులో చెప్పి చెప్పి మన పెద్దల గొంతులు అరిగిపోయాయి.

ఆ నేల మాత్రం వాళ్ళది కాదు. పూర్వం ఆ ప్రాంతంలో తెగల పాలన ఉండేది. తెగ పెద్ద, తెగ మనుషులు, అందరిదీ ఒకే ఇంటిపేరు. నేల తెగదని జనం అనుకునేవారు. 1746లో కల్లోడెన్ దగ్గర జరిగిన యుద్ధంలో హైలాండ్ సైన్యం ఓడిపోయాక ఆ తెగ పెద్దల అధికారాలు పోయాయి. అధికారం పోయినా కాగితం వాళ్ళ పేరునే ఉంది. నిన్నటిదాకా తెగకు తండ్రిలాంటివాడు భూస్వామి అయి కూర్చున్నాడు. లండన్‌లో, ఎడిన్‌బరాలో ఖర్చులు పెరిగాయి. మనుషులిచ్చే కౌలు కన్నా గొర్రెల వ్యాపారి ఇచ్చే కౌలు ఎక్కువని తేలింది. లోయలకు లోయలు ఖాళీ చేయించారు. ఇళ్ళ కప్పులు పీకేశారు, కొన్నిచోట్ల తగలబెట్టారు. జనాన్ని సముద్రపు ఒడ్డున రాతి నేల మీదికి నెట్టారు, లేదా కెనడా, ఆస్ట్రేలియా ఓడలెక్కించారు. ఈ ఖాళీ చేయించడాన్ని చరిత్రలో క్లియరెన్సులు అంటారు. చెత్త ఎత్తేసినట్టు ఉంటుంది ఆ పేరు. 1846లో బంగాళాదుంపకు తెగులు వచ్చి, మిగిలినవాళ్ళ నడుమూ విరిగింది.

బ్రేజ్ ఒడ్డున ఉన్నవాళ్ళు ఈ గాలివానలన్నిటికీ తట్టుకుని నిలబడ్డవాళ్ళు. వాళ్ళ భూస్వామి లార్డ్ మెక్‌డొనాల్డ్. 1865 ప్రాంతంలో ఆయన ఎస్టేటు బెన్ లీ కొండను ఈ ఊళ్ళ దగ్గర నుంచి తీసేసి ఒక గొర్రెల రైతుకు కౌలుకిచ్చింది. కొండ పోయింది గదా అని ఊరివాళ్ళ కౌలేమీ తగ్గించలేదు. వాళ్ళ ఆవు కొండెక్కితే తోలుకుపోవడం, గొర్రె గీత దాటితే గొడవ. పదిహేనేళ్ళు అలాగే భరించారు. ఇంతలో చేపల వేటకు ఐర్లండు తీరానికి వెళ్ళిన మగవాళ్ళు అక్కడ కౌలురైతులు కౌలు కట్టమని జట్టుగా నిలబడటం చూసి వచ్చారు. కొండ కౌలు గడువు తీరే వేళకు, 1881 చివర్లో, బ్రేజ్ వాళ్ళు ఒక మాట మీదికి వచ్చారు. కొండ ఇస్తేనే కౌలు.

1882 ఏప్రిల్ 7న కోర్టు అమీను సమన్లు పట్టుకుని వచ్చాడు. నూట యాభై మంది దాకా దారికి అడ్డం నిలబడ్డారు. ఆయన్ని కొట్టలేదు. ఆ కాగితాలను ఆయన చేతనే తగలబెట్టించారు. ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది, భయమూ వేస్తుంది. కాగితం కాలిస్తే సర్కారు ఊరుకోదని మనకు తెలుసు. ఊరుకోలేదు. గ్లాస్గో నుంచి యాభై మంది దాకా పోలీసులను ఓడలో తెప్పించి, ఏప్రిల్ 19 తెల్లవారుజామున, జోరువానలో, షెరీఫ్ ఐవరీ అనే అధికారి వాళ్ళను వెంటబెట్టుకుని బ్రేజ్ చేరాడు. ఐదుగుర్ని పట్టుకున్నారు. తిరిగి వెళ్ళేటప్పుడు దారి ఒకచోట కొండకీ సముద్రానికీ మధ్య ఇరుకవుతుంది. అక్కడ ఊరు కాచుకుని ఉంది.

ఆ ఊరంటే ఎక్కువమంది ఆడవాళ్ళు. వాళ్ళ చేతుల్లో రాళ్ళు, పోలీసుల చేతుల్లో లాఠీలు. కొందరు ఆడవాళ్ళ తలలు పగిలాయి, పోలీసులకూ బాగానే తగిలాయి. ఐదుగుర్నీ విడిపించుకోలేకపోయారు. ఇన్వర్‌నెస్ కోర్టులో వాళ్ళకు జరిమానా వేశారు. ఆ జరిమానా బయటి ఊళ్ళలోని మద్దతుదారులు కట్టేశారు. దాన్ని ఇప్పుడు బ్రేజ్ యుద్ధం అంటారు. యుద్ధం అనేంత పెద్దది కాదది, చాకిరేవు దగ్గర జరిగే కొట్లాటంత. కానీ ఆ రోజు పోలీసుల వెంట పత్రికల వాళ్ళు ఉన్నారు. పేద ఆడవాళ్ళ నెత్తురు గురించి లండన్ జనం పొద్దున్నే పేపర్లో చదివారు. సంవత్సరం తిరగకుండానే ఎస్టేటు దిగివచ్చింది. బెన్ లీ కొండ ఊళ్ళకు కౌలుకిచ్చింది, అదీ గొర్రెల రైతు కట్టినదానికన్నా తక్కువకు.

ఇక్కడ ఒకామెను తలుచుకోవాలి. మేరీ మెక్‌ఫర్సన్, 1821లో స్కైలోనే పుట్టింది. ఊళ్ళలో ఆమెను 'పాటల పెద్ద మేరీ' అనే అర్థం వచ్చే గేలిక్ పేరుతో పిలిచేవారు. భర్త పోయాక పనిమనిషిగా ఉన్నచోట బట్టలు దొంగిలించిందని నేరం మోపి 1872లో జైలుకు పంపారు. నేను చేయలేదని బతికినన్నాళ్ళూ చెప్పింది. ఆ అవమానమే తనను పాటల్లోకి నెట్టిందని కూడా చెప్పింది. భూపోరాటం వచ్చేసరికి ఆమె యాభై దాటిన మనిషి, భారీ మనిషి. సభల్లో లేచి నిలబడి గేలిక్‌లో పాడేది. బెన్ లీ మీద కూడా పాట కట్టింది. చదవడం వచ్చు, రాయడం రాదు. ఆమె పాడుతుంటే వేరేవాళ్ళు రాసుకున్నారు, 1891లో పుస్తకంగా వచ్చాయి. మన దగ్గర ఇలాంటి పెద్దమ్మలు ఎంతమంది ఉన్నారు, ఎవరి పాట ఎవరు రాసుకున్నారు, నేనిక్కడ లెక్క అడగను. మీ ఊరి లెక్క మీకే తెలియాలి.

ఇప్పుడు ఆ పెద్దమనిషి. బ్రేజ్ తర్వాత గొడవలు ఆగలేదు, స్కైలోనే గ్లెండేల్ అనే మరో లోయలో రాజుకున్నాయి. ప్రభుత్వానికి భయం పట్టుకుని 1883లో క్రాఫ్టర్ల బాధలు వినడానికి ఒక కమిషన్ వేసింది. దాని అధ్యక్షుడు లార్డ్ నేపియర్. ఈయన అంతకుముందు 1866 నుంచి 1872 దాకా మద్రాసు గవర్నరు. అప్పుడు మద్రాసు అంటే ఏమిటి? గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాలు కూడా దాని కిందే. 1839 చట్టంతో మామూలు జిల్లా పాలన నుంచి విడదీసి ఏజెంట్ చేతికిచ్చిన మన ఏజెన్సీ కొండలు కూడా. అండమాన్‌లో లార్డ్ మేయో హత్యకు గురయ్యాక కొన్ని నెలలు వైస్రాయి పని కూడా చూశాడు. ఆయన ఇక్కడి నుంచి వెళ్ళిన ఏడేళ్ళకు, 1879లో, కల్లు పన్నుల మీద, మున్సబుదారు దోపిడి మీద రంప కొండలు తిరగబడ్డాయి. ఇంకో మూడేళ్ళకు బ్రేజ్. ఇద్దరి మీదా రాణి ఒకతే.

నేపియర్‌ను నేను మెచ్చుకోవడానికి రాలేదు. కానీ ఒకటి ఒప్పుకోవాలి. ఆయన లండన్‌లో కూర్చుని రిపోర్టు రాయలేదు. పడవెక్కి దీవి దీవికీ తిరిగి 61 చోట్ల కూర్చున్నాడు, 775 మంది మాట విన్నాడు. మొదటి బైఠక్ ఎక్కడ పెట్టారో తెలుసా? బ్రేజ్‌లోనే. 1883 మే 8.

మొదటి సాక్షి పెయిన్‌ఖారన్ ఊరివాడు, ఆంగస్ స్టువర్ట్, ఒక క్రాఫ్టర్ కొడుకు. మీ కష్టాలేమిటో చెప్పమన్నారు. ఆయన కష్టాలు చెప్పలేదు. ముందు నాకొక హామీ కావాలన్నాడు. ఇక్కడ నోరు విప్పినందుకు భూస్వామి గానీ ఆయన మేనేజరు గానీ నన్ను నేల మీద నుంచి వెళ్ళగొట్టకూడదు, అలా వెళ్ళగొట్టడం నేను చూశాను అన్నాడు. అలాంటి హామీ ఇచ్చే అధికారం తనకు లేదని కమిషనే ఒప్పుకోవలసి వచ్చింది. ఎస్టేటు తరఫువాళ్ళను అడగవలసి వచ్చింది. రాణి పంపిన కమిషన్ ఎదుట, ఊరందరి ముందు, ఎవరికెవరంటే భయమో ఆ ఒక్క ప్రశ్నతో తెలిసిపోయింది. అంతకన్నా గొప్ప సాక్ష్యం ఇంకెవరూ ఇచ్చి ఉండరని నా అభిప్రాయం.

తమ్ముళ్ళూ, నేను ఇవాళ చెప్పాలనుకున్నది ఇక్కడుంది, కాస్త నిలబడి చూడండి. ఆంగస్ స్టువర్ట్ ఆ మాటలు గేలిక్‌లో అన్నాడు. దుబాసీ ఇంగ్లీషులోకి మార్చాడు. గుమాస్తా ఇంగ్లీషు రాసుకున్నాడు. 1884లో ఆ సాక్ష్యాలు లావుపాటి సంపుటాలుగా అచ్చయ్యాయి. ఇవాళ ఎవరైనా చదవవచ్చు. వాటిలో ఉన్నది దుబాసీ మాట. భయపడే మనిషి, భయపడుతూనే తెగించిన మనిషి, తన తల్లి భాషలో ఏ మాట వాడాడో, 'వెళ్ళగొట్టడం' అనడానికి ఏ పదం ఎంచుకున్నాడో ఆ పుస్తకాల్లో లేదు. కమిషన్‌లో గేలిక్ బాగా వచ్చినవాళ్ళు లేరా అంటే ఉన్నారు. ఎడిన్‌బరా విశ్వవిద్యాలయంలో గేలిక్, దాని తోబుట్టు భాషలు చెప్పడానికి పెట్టిన పీఠానికి మొదటి ప్రొఫెసరు డొనాల్డ్ మెకినన్ సభ్యుడే. స్కైలోనే పుట్టిన అలెగ్జాండర్ నికల్సన్ సభ్యుడే. వాళ్ళూ విన్నారు, అర్థం చేసుకున్నారు. అయినా రికార్డు మాత్రం ఇంగ్లీషు. ఎవరూ కుట్ర చేయలేదు. రికార్డు అంటే ఇంగ్లీషే అని అందరూ అనుకున్నారు, గేలిక్‌వాళ్ళతో సహా.

నేపియర్ రిపోర్టులో ఊరుమ్మడిని ఒక సంస్థగా గుర్తించి, ఊరికే హక్కులివ్వాలన్న సూచన ఉంది. మన దేశపు గ్రామాలను చూసిన అనుభవం ఆయన చేత అలా రాయించిందని కొందరు చరిత్రకారులంటారు. ప్రభుత్వం ఆ సూచన పక్కన పెట్టింది. ఈలోపు 1884లో ఓటు హక్కు విస్తరించి క్రాఫ్టర్ మగవాళ్ళకు ఓటు వచ్చింది. 1885లో వాళ్ళ తరఫు మనుషులు కొందరు పార్లమెంటుకు గెలిచారు. ప్రభువు కన్నా ప్రజ బలమైనది అనే అర్థం వచ్చే గేలిక్ సామెత వాళ్ళ ఉద్యమ నినాదం. 1886లో చట్టం వచ్చింది. కౌలు సరిగా కడుతున్నంతకాలం క్రాఫ్టర్‌ను ఎవరూ వెళ్ళగొట్టరాదు. కౌలు ఎంతో భూస్వామి చెప్పడు, కమిషన్ తేలుస్తుంది. కమతం వారసులకు దక్కుతుంది. కట్టుకున్న ఇల్లు, వేసుకున్న గట్టు విలువ క్రాఫ్టర్‌దే. కొత్త కమిషన్ చాలాచోట్ల కౌళ్ళు తగ్గించింది, బకాయిల్లో పెద్ద భాగం కొట్టేసింది. నేల బొత్తిగా లేనివాళ్ళకు మాత్రం అది పెద్దగా చేసిందేమీ లేదు, ఆ పోరు తర్వాత ఇంకా చాలాకాలం నడిచింది. అయినా ఇంటి కప్పు పీకే రోజులు పోయాయి. అక్కడి ఏడు జిల్లాల్లో ఇప్పటికీ ఇరవై వేలకు పైగా క్రాఫ్టులు ఉన్నాయంటే మూలం అదే. చుట్టూ చట్టాలతో కంచె వేసిన చిన్న చెక్కనే క్రాఫ్ట్ అంటారని అక్కడివాళ్ళే జోక్ వేసుకుంటారు. మన పట్టా పుస్తకం చూసినా నాకు ఆ జోకే గుర్తొస్తుంది.

కొండ దక్కింది. మరి మాట?

బ్రేజ్ పోరాటానికి పదేళ్ళ ముందే, 1872లో, స్కాట్లాండు పిల్లలందరూ బడికి వెళ్ళాలని చట్టం చేశారు. మంచిదే. ఆ చట్టంలో గేలిక్ అన్న మాటే లేదు. నిషేధించలేదు, గుర్తుకే రాలేదు. ఇంట్లో ఇంగ్లీషు ముక్క వినని పిల్లలు బడిలో కూర్చుని ఇంగ్లీషు పుస్తకం బట్టీ పట్టారు. గేలిక్ మాట్లాడిన పిల్లవాడి మెడలో కర్ర వేలాడదీసిన బళ్ళు కూడా కొన్ని ఉండేవి. గోడ పక్కన నిలబెట్టడం, జరిమానా వేయడం మన దగ్గరా చూశాం, ఏ బడి అని పేరు చెప్పను. కానీ కర్ర ఒక్కటే భాషను చంపలేదు. భూమి కోసం పోలీసు లాఠీని ఎదుర్కొన్న మనుషులు కర్రకు భయపడతారా? అసలు సంగతి ఇంట్లో జరిగింది. ఓడల్లో పని, గ్లాస్గోలో పోలీసు ఉద్యోగం, టీచరు పని, నర్సు పని, అన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. పిల్లవాడు పైకి రావాలంటే ఇంగ్లీషే అని తల్లీతండ్రీ అనుకున్నారు. ప్రేమతోనే అనుకున్నారు. తాము గేలిక్‌లో మాట్లాడుకుంటూ పిల్లవాడి వైపు తిరిగి ఇంగ్లీషు మొదలుపెట్టారు. ఒక తరంలో పిల్లవాడికి వింటే అర్థమవుతుంది, జవాబు రాదు. తర్వాతి తరంలో అర్థం కూడా కాదు. దీనికి ఏ చట్టం అడ్డుపడుతుంది? కొండను లాక్కుంటే ఊరందరికీ ఒక్కరోజే తెలుస్తుంది. మాట పోయిన తేదీ ఏ ఇంట్లోనూ ఎవరూ రాసుకోలేదు.

లెక్కలు వినండి. 1891 జనాభా లెక్కల్లో స్కాట్లాండులో గేలిక్ మాట్లాడేవాళ్ళు 2,54,415 మంది. 2011లో 57 వేల చిల్లర. 2022లో 69,701. పెరిగింది కదా అని చప్పట్లు కొట్టబోతారు, ఆగండి. అదే 2022లో, ఆ భాషకు చివరి కోట అనదగ్గ పడమటి దీవుల జిల్లాలో, మాట్లాడగలిగినవాళ్ళు 52 శాతం నుంచి 45కు దిగారు. అక్కడ సగం కన్నా తగ్గడం అదే మొదటిసారి. అంటే పట్నాల్లో నేర్చుకునేవాళ్ళు పెరుగుతున్నారు, సముద్రపు ఒడ్డున వంటింట్లో మాట్లాడేవాళ్ళు తగ్గుతున్నారు. 2020లో కొందరు పరిశోధకులు దీవుల ఊళ్ళను గాలించి, రోజువారీ బతుకు భాషగా గేలిక్ వాడేవాళ్ళు పదకొండు వేల మంది దాకా మిగిలారని, వాళ్ళలో ఎక్కువమంది పెద్ద వయసువాళ్ళని తేల్చారు. ఇలాగే పోతే ఊరి భాషగా దాని ఆయుష్షు దశాబ్దం అన్నారు. దాని మీద అక్కడ పెద్ద రభసే జరిగింది.

అలాగని ఏడుస్తూ కూర్చోలేదు వాళ్ళు. స్కైకే చెందిన కుర్రాళ్ళు 1973లో రన్‌రిగ్ అని బ్యాండ్ పెట్టారు. గిటార్, డ్రమ్స్, పాట గేలిక్. రన్‌రిగ్ అంటే క్రాఫ్టులు రాకముందు ఊరివాళ్ళు భూమిని చాళ్ళుగా విడదీసి, వంతుల వారీగా మార్చుకుంటూ సాగు చేసిన పాత ఉమ్మడి పద్ధతి. మన పోడు పేరు పెట్టుకుని ఒక బ్యాండ్ వచ్చి స్టేడియాలు నింపినట్టు అనుకోండి. అదే ఏడాది స్కై దక్షిణ కొసన ఒక పాత కొట్టాంలో గేలిక్ కాలేజీ మొదలైంది. ఇప్పుడది డిగ్రీలిచ్చే సంస్థ, పేరు ఇంకా 'ఓస్టెగ్ పెద్ద కొట్టాం' అనే అర్థంతోనే ఉంది, మార్చలేదు. 1985 నుంచి గేలిక్ మాధ్యమంలో బళ్ళు వచ్చాయి. పోర్ట్రీలో పూర్తి గేలిక్ ప్రాథమిక పాఠశాల 2018లో తెరిచారు. 2005లో ఒక భాషా చట్టం, 2008లో టీవీ ఛానల్, 2025లో అధికార భాష హోదా. మొబైల్‌లో డుయోలింగో యాప్ తెరిచి గేలిక్ మొదలుపెట్టినవాళ్ళు ప్రపంచమంతటా పది లక్షలు దాటారు.

పెయిన్‌ఖారన్‌లోనే, ఆంగస్ స్టువర్ట్ ఊళ్ళోనే, సోర్లీ మెక్లీన్ అనే కవి చివరి రోజులు గడిపాడు. 1911లో ఎదురుదీవి రాసేలో పుట్టాడు, 1996లో పోయాడు. బడిపంతులు, తర్వాత హెడ్మాస్టరు. కుర్రతనంలో ఇంగ్లీషులోనూ కవిత్వం రాశాడు, తర్వాత గేలిక్‌కే కట్టుబడ్డాడు. కొద్ది లక్షల మంది కూడా మాట్లాడని భాషలో రాసి, ఇరవయ్యో శతాబ్దపు పెద్ద కవుల్లో ఒకడిగా పేరు తెచ్చుకున్నాడు. పంతుళ్ళ మీద నాకు ఆశ పోకపోవడానికి ఆయన ఒక కారణం.

ఇంకో చిక్కు కూడా వచ్చిపడింది, అది మీ తరానికి బాగా అర్థమవుతుంది. స్కైకి 1995లో వంతెన వచ్చింది. అందమైన దీవి, టూరిస్టులు పోటెత్తారు. ఇళ్ళ ధరలు ఆకాశానికెక్కాయి. సెలవులకు వచ్చేవాళ్ళ కోసం ఇళ్ళు అద్దె గదులయ్యాయి. క్రాఫ్ట్ ఉన్నవాడు 32 కిలోమీటర్ల లోపు నివాసం ఉండాలని, నేల సాగు చేయాలని నియమం ఉంది. కానీ క్రాఫ్ట్ హక్కునే పెద్ద మొత్తాలకు చేతులు మార్చుకోవచ్చు. గేలిక్ బడిలో చదువుకుని, గేలిక్‌లో ఉద్యోగం దొరికిన పిల్లకు కూడా తాతల ఊళ్ళో ఇల్లు కొనుక్కునే స్తోమతు ఉండడం లేదు. చట్టం వెళ్ళగొట్టదు, ధర వెళ్ళగొడుతుంది. అరకు, లంబసింగి వైపు రిసార్టు బోర్డులు చూస్తున్నవాళ్ళు ఈ ముక్క జాగ్రత్తగా గుర్తుపెట్టుకోండి. మన 1/70 ఇంకా బతికే ఉంది, అక్కడివాళ్ళకు లేని గోడ అది. దాన్ని బినామీ పేర్లతో మనవాళ్ళే ఎలా తవ్వుతున్నారో మీకు తెలుసు.

మన దగ్గరికి వచ్చి ముగిస్తాను. గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని నిఘంటువు చేశారు, 1938లో అచ్చయింది. 1936లో మంగేయ్ గొమాంగో సవరకు లిపి కూర్చాడు. మన బళ్ళలో సవర, కువి, కోయ వాచకాలు ఇరవై ఏళ్ళ నాడే వచ్చాయి. పుస్తకాలు లేక కాదు. మా జాతాపుల్లో చాలా ఇళ్ళలో ఇప్పుడు కువి లేదు, తెలుగే. అది ఎవరో లాక్కున్నది కాదు, బ్రేజ్ ఇళ్ళలో జరిగిందే మా ఇళ్ళలోనూ జరిగింది. సవరవాళ్ళకు, కోయవాళ్ళకు ఇంకా టైముంది.

మీరు చేయగలిగిన పని ఒకటి అడుగుతాను. గ్రామసభలో మీ అవ్వ, మీ తాత లేచి కొండ గురించి, గట్టు గురించి, చెట్టు గురించి మాట్లాడతారు. వాళ్ళు మాట్లాడేది సవరలో, మినిట్స్ పుస్తకంలో రాసేది తెలుగులో. అటవీ హక్కుల దరఖాస్తుకు పెద్దల వాంగ్మూలం సాక్ష్యంగా చెల్లుతుంది, అదీ తెలుగులోనే రాస్తున్నాం. ఆఫీసుకు తెలుగు కావాలి, సరే, రాయండి. దానితోపాటు ఆ మనిషి అన్న మాట అన్నట్టుగా ఫోన్‌లో రికార్డు చేయండి. ఊరి పేరు, తేదీ, మాట్లాడిన మనిషి పేరు మొదట్లోనే చెప్పించండి. తర్వాత తీరిగ్గా సవర మాటను సవరగానే, తెలుగు అక్షరాల్లోనైనా, ఆ మినిట్స్ వెనక పేజీలో రాసి అంటించండి. ఇందుకు జీవో అక్కర్లేదు, ఫండు అక్కర్లేదు. ఫోన్ మెమరీ నిండిందని రీల్స్ ఉంచుకుని తాత వాంగ్మూలం చెరిపేస్తే మాత్రం నేను ఊరుకోను.

ఇక ప్రశ్నలు. సవరలో అడగాలనుకున్నవాళ్ళు సవరలోనే అడగండి, కువి వచ్చినవాళ్ళు కువిలో. నాకు అందని చోట పక్కన కూర్చున్న తమ్ముడు తెలుగులో చెబుతాడు. రికార్డింగ్ నడుస్తోంది, మీ మాటలను కత్తిరించి తెలుగు మాత్రమే ఉంచవద్దని నిర్వాహకులకు ముందే చెప్పాను. సీతంపేట నుంచి ఒక చెల్లెలు చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉంది. అమ్మా, మైకు ఆన్ చేసుకో.